గేర్ రేషియో పెంచితే కాలు నిలుస్తుందా?

ప్రశ్న: నేను మెకానికల్ ఫైనలియర్. ప్రాజెక్టుకి ఆరు కిలోల నాలుగు కాళ్ళ రోబో చేస్తున్నాం. బలం చాలదేమోనని ప్రతి కీలుకీ 50:1 గేర్‌బాక్స్ ఉన్న చిన్న మోటార్లు కొన్నాం. నిలబడుతుంది, మెల్లగా నడుస్తుంది, కానీ గెంతించగానే మోకాలి గేర్ల పళ్ళు ఊడిపోతున్నాయి. రెండు సెట్లు పోయాయి. రివ్యూ నెలన్నరలో ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. 100:1 వేస్తే ఆగుతుందా సార్?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: వద్దు బాబూ, ఇంకా తొందరగా ఊడతాయి. గోడ మీంచి దూకేటప్పుడు మనం మోకాళ్ళు వంచుతూ దిగుతాం కదా, మీ రోబో అలా వంచలేకపోతోంది. పాదం నేలకి తగలగానే కీలు వెనక్కి తిరగాలి, అది తిరగాలంటే గేర్ల అవతల ఉన్న రోటార్, అంటే మోటారులో తిరిగే భాగం, యాభై రెట్లు వేగంగా తిరగాలి. కాలి వైపు నుంచి చూస్తే రోటార్ జడత్వం రేషియో వర్గం లెక్కన పెరుగుతుంది. 6:1కి 36 రెట్లు, 50:1కి 2,500, మీరు అడిగిన 100:1కి 10,000. అంత బరువైనది ఆ క్షణంలో కదలదు, దెబ్బంతా పళ్ళే తింటాయి.

అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళ మినీ చీతా చూడండి. తొమ్మిది కిలోల రోబో, 2019లో వెనక్కి పల్టీ కొట్టింది, దాని గేర్‌బాక్స్ కేవలం 6:1, ఒకే దశ ప్లానెటరీ (మధ్య గేరు చుట్టూ మరికొన్ని గేర్లు తిరిగే రకం), అదీ మోటారు లోపలే ఇమిడిపోయింది. రేషియో తక్కువైతే ఇంకో లాభం: కీలు దగ్గర టార్క్ (తిప్పే బలం) ఎంతో మోటారు కరెంటు చూసి చెప్పేయొచ్చు, పాదానికి వేరే సెన్సర్ అక్కర్లేదు. ఫ్యాక్టరీ రోబో చేతుల్లో 100:1 హార్మోనిక్ డ్రైవ్ (ఒక రకం గేర్‌బాక్స్) బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే ఆ చేయి అడుగడుగునా నేలని గుద్దుకోదు.

దీనికి మూల్యం వేడి. రేషియో తగ్గిస్తే మోటారే ఎక్కువ టార్క్ ఇవ్వాలి, టార్క్ రెట్టింపైతే కరెంటు రెట్టింపు, వేడి నాలుగింతలు. అందుకే సన్నగా పొడుగ్గా ఉండే మోటారు కాదు, పళ్ళెంలా వెడల్పుగా ఉండేది తీసుకోండి. మీ లెక్క ఇలా వేసుకోండి: రెండు కాళ్ళ మీద ఉన్నప్పుడు ఒక్కో కాలికి 3 కిలోలు, అంటే సుమారు 30 న్యూటన్లు, పాదం మోకాలికి 10 సెం.మీ. పక్కన ఉంటే 3 న్యూటన్ మీటర్లు. గెంతుకి మూడింతలు వేసుకుంటే 9, దాన్ని 6తో భాగిస్తే మోటారు కాసేపు 1.5 ఇవ్వగలగాలి.

పళ్ళ సంఖ్య: మధ్యలో ఉండే సన్‌కి 18, దాని చుట్టూ తిరిగే మూడు ప్లానెట్లకి 36 చొప్పున, బయటి రింగ్‌కి 90. రింగ్ కదలకుండా బిగించి ప్లానెట్లని పట్టి ఉంచే క్యారియర్ నుంచి చలనం తీసుకుంటే సరిగ్గా 6:1. మాడ్యూల్, అంటే పంటి సైజు, 0.5 అయితే రింగ్ పిచ్ వ్యాసం 45 మి.మీ. సన్‌ని 17 కంటే తగ్గించకండి, మామూలు 20 డిగ్రీల పళ్ళకి మొదలు దగ్గర కోత పడి బలహీనమవుతాయి. సన్ పన్ను ప్రతీదీ మూడు ప్లానెట్లనీ తాకుతూ పోతుంది కాబట్టి అదొక్కటైనా స్టీల్‌దే వేయండి. పీఎల్ఏ ప్లాస్టిక్‌తో 3డి ప్రింట్ చేద్దామనుకుంటే, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మోటారు పక్కన పెట్టొద్దు. మోకాలి మోటారుని తుంటి దగ్గరికి జరిపి బెల్టుతో తిప్పండి, ఊగే కాలు తేలికవుతుంది.

నెలన్నరలో పన్నెండు గేర్‌బాక్సులు అవ్వవు. ఒక్క కాలు చేయండి, కరెంటు తీసేసి వేలితో నెట్టి చూడండి, రోటార్ సులువుగా తిరగాలి. తిరిగితే కాలిని నిలువు పట్టాకి బిగించి 10 సెం.మీ. ఎత్తు నుంచి వదలండి. రివ్యూలో ఆ కాలినే చూపించండి, ఊడిన పళ్ళు కూడా పక్కనే పెట్టండి.