ఐదు పావుల ఎండ్‌గేమ్ టేబుల్‌ని 8 జీబీ ర్యామ్‌లో ఇమడ్చాలంటే

చదరంగంలో రాజులతో కలిపి ఐదు పావులే మిగిలిన ప్రతి పొజిషన్‌కీ గెలుపా, ఓటమా, డ్రానా అని ముందే లెక్కగట్టి పెట్టేదే ఎండ్‌గేమ్ టేబుల్. దాన్ని మాట్ పొజిషన్ల నుంచి వెనక్కి వెళ్తూ కడతాం. ఒక్కో పావుకి 64 గళ్లు కాబట్టి మామూలుగా ఇండెక్స్ (పొజిషన్ల నంబర్లు) 64×64×64×64×64, అంటే 107 కోట్ల పొజిషన్లు. ఇద్దరి వంతులకీ కలిపి దానికి రెట్టింపు. ఒక్కోదానికి లోతు (ఎన్ని ఎత్తుల్లో ఆట ముగుస్తుందో) 2 బైట్లు, ఇంకా ఫలితం తేలని ఎత్తుల కౌంటర్ 1 బైట్. మొత్తం 6 జీబీ దాటుతుంది. వెనక్కి వేసే ఎత్తులు మెమరీ అంతటా దూకుతాయి కాబట్టి, మిగతా ప్రోగ్రాములకి చోటు చాలక ఒకసారి స్వాప్ (ర్యామ్ బదులు డిస్క్ వాడటం) మొదలైతే ఇక పని సాగదు.

ముందు ఇండెక్స్ తగ్గించండి. బంట్లు లేకపోతే బోర్డును తిప్పినా, అద్దంలో చూపినా ఫలితం అదే. ఒక రాజును ఏ1-డీ1-డీ4 త్రికోణంలోకి తెచ్చి, అది ఏ1-హెచ్8 కర్ణం మీదుంటే రెండో రాజును కర్ణం మీదో, దానికి ఒకే వైపునో ఉంచి, పక్కపక్కన నిలిచే జతలు తీసేస్తే రాజుల జతలు 462 మిగులుతాయి. 462×64×64×64 అంటే 12.11 కోట్లు. అదే 3 బైట్ల లెక్కకి ఇద్దరికీ కలిపి 727 ఎంబీ చాలు. ఒకే రంగు ఏనుగులు రెండుంటే 4096 బదులు 2016 జతలే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: రాజులిద్దరూ ఏ1-హెచ్8 కర్ణం మీదుంటే ఒకే పొజిషన్‌కి రెండు ఇండెక్స్‌లొస్తాయి. ఒకదాన్నే మార్క్ చేస్తే కొన్ని గెలుపులు డ్రాలుగా మిగిలిపోతాయి. రెండూ మార్క్ చేయండి, లేదా ఎప్పుడూ చిన్న ఇండెక్స్‌నే వాడండి.

తర్వాత కౌంటర్ పూర్తిగా తీసేయండి. గెలుపు పొజిషన్ నుంచి వెనక్కి వెళ్లి చేరినదాన్ని ఓటమేమోనని అనుమానించి, దాని ఎత్తులన్నీ మళ్లీ ముందుకి చూడండి. ఓడని ఎత్తు ఒక్కటి కనిపించినా ఆపేయొచ్చు. సమయం కొంత పెరుగుతుంది, కానీ నా అనుభవంలో ఈ బేరం ఎప్పుడూ లాభమే. అప్పుడు పొజిషన్‌కి 2 బిట్లు చాలు: తెలియదు, గెలుపు, ఓటమి, చెల్లదు. చివరికి తెలియనివే డ్రాలు. వంతుకి 30 ఎంబీ. కొత్తగా తేలినవాటి బిట్‌మ్యాప్ (పొజిషన్‌కి ఒక బిట్) ఇంకో 15 ఎంబీ. లోతుని ర్యామ్‌లో పెట్టకండి, ప్రతి దఫా తేలిన ఇండెక్స్‌లను వరసగా డిస్క్‌లోకి రాయండి.

బంటు ఉంటే 462 పనికిరాదు, కుడిఎడమల అద్దం ఒక్కటే మిగులుతుంది. కానీ బంటు వెనక్కి నడవదు, అదే మనకు వరం. రాజు-ఏనుగు-బంటు, ఎదురుగా రాజు-ఏనుగు తీసుకోండి: బంటుకి 24 గళ్లు (అద్దం వల్ల 48లో సగం), గడికో స్లైస్, అంటే టేబుల్‌లో ఒక ముక్క. ఏడో వరస నుంచి కిందికి కట్టుకుంటూ రండి. డీ4 స్లైస్‌కి డీ5 స్లైస్, పావు చంపాక వచ్చే చిన్న టేబుళ్లు ఉంటే చాలు. డీ2కి మాత్రం డీ3, డీ4 రెండూ కావాలి. స్లైస్‌కి 1.68 కోట్ల పొజిషన్లు, 2 బిట్ల చొప్పున వంతుకి 4 ఎంబీ.

థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు) వాడితే ఒక జాగ్రత్త: ఒక బైట్‌లో నాలుగు పొజిషన్లుంటాయి, రెండు థ్రెడ్లు ఒకేసారి రాస్తే ఒకదాని మార్పు పోతుంది. అటామిక్ ఓఆర్‌తోనే (మధ్యలో ఇంకో థ్రెడ్ జొరబడకుండా బిట్లు పెట్టే ఆదేశం) రాయండి.