నీట్ రాలేదు, మైక్రోబయాలజీలో చేర్చవచ్చా?

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా పాప ప్లస్ టూ సైన్స్ అయింది. రెండుసార్లు నీట్ రాసినా ర్యాంకు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ మైక్రోబయాలజీ (సూక్ష్మజీవుల చదువు) అంటోంది. వాళ్ళ నాన్న "చివరికి రక్తం, మూత్రం పరీక్షలేగా" అంటున్నారు. ఈ చదువుకు దారి ఉందా?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి మాట తేల్చేద్దాం. రక్తం, మూత్రం పరీక్షల ఉద్యోగాలకు మామూలుగా అడిగేది మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా లేదా డిగ్రీ. అదే కావాలంటే పాప నేరుగా అందులో చేరడం మేలు. ఇక ఆస్పత్రిలో మైక్రోబయాలజీ డాక్టరంటే ఎంబీబీఎస్ తరువాత ఎండీ చేసినవాళ్ళు. ఈ పక్కదారిన డాక్టరు అవుతానన్న ఆశ పాప మనసులో ఏ మూలైనా ఉంటే ఇప్పుడే అడిగి తెలుసుకోండి. తరువాత ఏడ్చే పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

మరి ఈ చదువు పనికొచ్చేదెక్కడ? మీ గంజాం తీరంలో రొయ్యల చెరువులున్నాయి కదా. రైతు సీసాలో చెరువు నీళ్ళు తెస్తాడు. ల్యాబులో టీసీబీఎస్ అనే మీడియం (బాక్టీరియా పెరగడానికి వేసే ఆహారం) పోసిన ప్లేటు మీద కొంచెం పూసి, ఇంక్యుబేటర్లో పెడతారు. మర్నాటికి పసుపు చుక్కలు కొన్ని, ఆకుపచ్చ చుక్కలు కొన్ని లేస్తాయి. మామూలుగా అవి విబ్రియో బాక్టీరియా. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. రైతు కళ్ళు మాత్రం ఆకుపచ్చవాటి మీదే ఉంటాయి, రొయ్యలకు చేటు ఎక్కువగా వాటితోనే అని అతని భయం.

శ్రీకాకుళం దిక్కున పైడిభీమవరం, ఇంకా ముందుకెళ్తే పరవాడ, రెండూ మందుల కంపెనీల చోట్లే. ఇంజెక్షన్ తయారుచేసే చోట, మందులో సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులు పడుతుంది. ట్యూబులో మబ్బులా తేలిందంటే సూక్ష్మజీవులు పెరిగినట్టే, బ్యాచ్ ఆగిపోతుంది. ఓపిక, చేతి శుభ్రం, రాత పనిలో నిక్కచ్చితనం ఉన్నవాళ్ళకే అది అబ్బుతుంది. నైట్ షిఫ్టులు తప్పవు. మొదట్లో జీతం తక్కువే, దాచను.

బీఎస్సీతో ఆగితే అక్కడే ఉండిపోతారు, ఎమ్మెస్సీ చేయించండి. పీజీ, పరిశోధన ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష లైఫ్ సైన్సెస్ పేపర్లో మైక్రోబయాలజీ ఒక విభాగం. సీఎస్‌ఐఆర్ నెట్‌కు (పరిశోధనకూ, లెక్చరర్ అర్హతకూ పెట్టే పరీక్ష) జనరల్ వాళ్ళకి పీజీలో 55 శాతం ఉండాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. పరిశోధన అంటే భువనేశ్వర్లోనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉంది, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కేంద్రం ఉంది.

సరిహద్దువాళ్ళకు ఒక చిక్కుంది. ఆంధ్రా యూనివర్సిటీలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. పాప చదువంతా ఒడిశాలో అయింది కనుక ఆ లెక్కలోకి రాదు. అలాగే ఒడిశా సర్కారు ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం రావాలి. బడిలో నేర్చుకుంది కాబట్టి పాపకు ఆ గొడవ లేదు.

ఒక మాట అడగండి. ఇంట్లో తరవాణి కుండ ఎందుకు పులుస్తుంది, ఒక్కోరోజు ఎందుకు పాడవుతుంది అని పాపకు ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? వచ్చిందంటే చేర్పించండి. కానీ ఫీజు కట్టేముందు కాలేజీ ల్యాబులోకి వెళ్ళి, ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) పనిచేస్తోందా, ఒక్కో మైక్రోస్కోపు దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో మీ కళ్ళతో చూడండి.