ఏఎం రేడియో కొనే ముందు రెండు సెట్లని ఎలా పోల్చి చూడాలి

ఒరేయ్ చిన్నా,

ఏఎం బాగా లాగే చిన్న రేడియో కావాలి, రెండు మూడు చూసి పెట్టుకున్నాను ఏది తీసుకోమంటావు మామయ్యా అని అడిగావు కదా. ఏదో ఒక పేరు చెప్పేస్తే నీ పని అయిపోతుంది కానీ వినేది నీ చెవి, అందుకే ఎలా పోల్చి చూడాలో రాస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒకటి తెలుసుకో, స్టేషన్ పట్టడం వేరు, గొంతు బాగుండటం వేరు. చాలా సెట్లలో ఒకటి ఉంటే ఇంకోటి ఉండదు. దగ్గర్లో ఉన్న గట్టి స్టేషన్ పెట్టి సౌండ్ పెంచితే ఏ రేడియో అయినా బ్రహ్మాండంగానే వినిపిస్తుంది, దాంతో ఏమీ తేలదు. నీకు కావాల్సింది మిట్టమధ్యాహ్నం వినపడీ వినపడనట్టు వచ్చే స్టేషన్. మధ్యాహ్నమే ఎందుకంటే పగటిపూట ఆకాశంలో పైన డి లేయర్ అని ఒక పొర ఉండి మీడియం వేవ్‌ని, అంటే మన ఏఎంని, మింగేస్తుంది, అప్పుడు నేల వెంబడి వచ్చే సిగ్నలే మనకి అందేది, అది నిమిషానికో రకంగా మారదు. పొద్దుగూకాక ఆ లేయర్ పోతుంది, వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు కూడా పైనుంచి తిరిగొచ్చి పడతాయి గానీ కాసేపు గట్టిగా కాసేపు నీరసంగా ఉంటాయి. ఒక సెట్ ఆపి రెండోది ఆన్ చేసేలోపు సిగ్నలే మారిపోతే ఇంక నువ్వు దేన్ని దేనితో పోల్చినట్టు? రాత్రి చూడాల్సింది వేరే ఉంది, కింద చెప్తా.

బయటికి లాగే పొడుగాటి ఏరియల్ ఉంది చూడు, అది ఎఫ్‌ఎంకీ షార్ట్ వేవ్‌కీ. ఏఎంకి దాన్ని ఎంత లాగినా ఒకటే. ఏఎం పట్టేది లోపల పడుకోబెట్టి ఉండే నల్లటి ఫెర్రైట్ రాడ్, దాని మీద సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. అది ఎంత పొడుగుంటే అంత మేలు, జేబులో పట్టే సెట్లో పొడుగు రాడ్ పెట్టే చోటే ఉండదు కాబట్టి అక్కడ అద్భుతాలు ఆశించకు. జీఈ అనే అమెరికా కంపెనీ ఒకప్పుడు చేసిన పెద్ద సెట్ సూపర్ రేడియోకి ఇప్పటికీ అంత పేరుందంటే లోపల ఇరవై సెంటీమీటర్ల రాడ్ ఉండటం ఒక కారణం.

రాడ్ పక్క భాగం స్టేషన్ వైపు ఉంటే బాగా లాగుతుంది, కొన స్టేషన్ వైపు తిరిగితే సిగ్నల్ దాదాపు పడిపోతుంది. అందుకని ప్రతి సెట్‌నీ బల్ల మీద పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పి అది బాగా పలికే వైపు ఏదో చూసుకున్నాకే తీర్పు చెప్పు, తిప్పకుండా ఇది పట్టట్లేదు అనకు. ఇదే కిటుకు ఇంకోలా కూడా పనికొస్తుంది, ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు కలిసిపోతుంటే అక్కర్లేనిదాని వైపు కొన తిప్పు, అది తగ్గిపోయి నీక్కావాల్సింది పైకి తేలుతుంది.

రెండు సెట్లనీ పక్కపక్కన పెట్టి ఒకేసారి ఆన్ చేయొద్దు. మామూలు సూపర్‌హెట్ సెట్ (వచ్చిన సిగ్నల్‌ని లోపల ఒకే ఫ్రీక్వెన్సీకి మార్చుకునే రకం) లోపల ఆసిలేటర్ అని సొంతంగా సిగ్నల్ పుట్టించే భాగం ఒకటి ఉంటుంది, ఆ సిగ్నల్ నువ్వు పెట్టిన స్టేషన్‌కి 455 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది. ఒక సెట్ 1000 మీద ఉంటే పక్క సెట్లో 1455 దగ్గర కూత వినిపిస్తుంది, అది ఆ రెండో సెట్ లోపం అనుకుంటావు. ఒకటి పూర్తిగా ఆపేసి, పక్కకి తీసేసి, అదే చోట రెండోది పెట్టు. సెల్స్ మీదే నడుపు, అడాప్టర్ పెడితే బుయ్యిమనే శబ్దం వచ్చే ఛాన్స్ ఎక్కువ. ఫోన్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు, కంప్యూటర్ ఇవన్నీ ఏఎంలో గరగర పుట్టిస్తాయి కాబట్టి కిటికీ దగ్గరో ఆరుబయటో పెట్టి విను. ఇల్లంతా గరగర అయితే మెయిన్ స్విచ్ ఒక్క నిమిషం ఆపి చూడు, అప్పుడు తగ్గితే తప్పు రేడియోది కాదు.

రాత్రి చూడాల్సింది ఏంటంటే, గట్టి స్టేషన్ పక్కనే ఉన్న బలహీనమైన స్టేషన్‌ని విడదీస్తుందా లేదా అని. ఇక్కడే సౌండ్ సంగతి కూడా వచ్చి కలుస్తుంది, ఎందుకంటే స్టేషన్ చుట్టూ ఎంత వెడల్పు లోపలికి వదలాలో తేల్చే ఫిల్టర్ సన్నగా ఉంటే పక్క స్టేషన్ దూరదు కానీ గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది, వెడల్పుగా ఉంటే గొంతు విప్పారుతుంది కానీ పక్కోడు చొరబడతాడు. అందుకే ఫిల్టర్ మార్చుకునే వీలున్న సెట్ చూడమంటాను. చైనా కంపెనీ టెక్సన్ చేసిన పీఎల్-310, పీఎల్-380 లాంటి డీఎస్‌పీ సెట్లలో (సిగ్నల్‌ని చిప్ అంకెలుగా మార్చి సరిచేసే రకం) 6, 4, 3, 2, 1 కిలోహెర్ట్జ్ అని మార్చుకోవచ్చు, సూపర్ రేడియో మూడో మోడల్లో వైడ్, నారో అని ఒక స్విచ్ ఉంటుంది. వార్తలు చదివేవాళ్ళ శ, ష, స విను, సన్న ఫిల్టర్లో అవి మొద్దుబారిపోతాయి, ఆరు మీద పెడితే స్పష్టంగా పలుకుతాయి.

సౌండ్ తేల్చుకోవడానికి ఇయర్‌ఫోన్ పెట్టి కూడా విను. ఇయర్‌ఫోన్లో బాగుండి బయట రేకు డబ్బాలా ఉంటే తప్పు స్పీకర్‌ది, రెండిట్లోనూ బాలేకపోతే అసలు రిసీవరే అంత. చిన్న స్పీకర్ నుంచి బేస్ రాదు, సూపర్ రేడియోలో ఆరున్నర అంగుళాల స్పీకర్, పెద్ద పెట్టె, కాబట్టి ఆ నిండుతనం అరచేతి సెట్‌కి రమ్మన్నా రాదు. సౌండ్ కాస్త తగ్గించి ఒక గంట అలా విను, చెవి అలసిపోయిందంటే ఆ సెట్ నీకు పనికిరాదు.

డీఎస్‌పీ సెట్లలో నాకు నచ్చనిది సాఫ్ట్ మ్యూట్, సిగ్నల్ తగ్గగానే సౌండ్‌ని అదే తగ్గించేస్తుంది, బలహీన స్టేషన్ వినాలనుకునేవాడికి అది పెద్ద విసుగు. స్క్రీన్ మీద సిగ్నల్ అంకెలు చూపిస్తాయి కదా, అవి ఒకే సెట్‌ని ఎటు తిప్పితే బాగుందో చూడటానికి భలే పనికొస్తాయి, కానీ ఒక మోడల్ అంకెని ఇంకో మోడల్ అంకెతో పోల్చకు. ఇంకోటి మర్చిపోకు, అమెరికా ఖండాల్లో స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతో, మిగతా చోట్ల 9 ఎడంతో ఉంటాయి, డిజిటల్ సెట్ తప్పు స్టెప్ మీద ఉంటే స్కాన్ చేసినప్పుడు చాలా స్టేషన్లు దాటేసి పోతుంది.

నన్నడిగితే, ఎక్కువగా దగ్గరి స్టేషన్లే వింటావు, మాటలు పాటలు హాయిగా వినపడాలి అంటే పెద్ద స్పీకర్ ఉన్న సెట్‌కే వెళ్ళు. సూపర్ రేడియో సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది, కొంటే సెల్స్ పెట్టే చోట తుప్పు ఉందేమో, వాల్యూమ్ తిప్పుతుంటే కరకరమంటుందేమో చూడు, అది ఆరు పెద్ద సెల్స్ తింటుంది. దూరం స్టేషన్ల పిచ్చి ఉంటే డీఎస్‌పీ సెట్ ఒకటీ దానికి తోడు టెక్సన్ ఏఎన్-200 లాంటి లూప్ యాంటెన్నా ఒకటీ తీసుకో, వైర్ కూడా తగిలించక్కర్లేదు, రేడియో పక్కన పెట్టి నాబ్ తిప్పుతుంటే ఒకచోట స్టేషన్ ఎగిరొచ్చి పడుతుంది.

ముందు నీ దగ్గరున్న సెట్లోనే మధ్యాహ్నం డయల్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి ఏయే ఫ్రీక్వెన్సీలు ఎలా వస్తున్నాయో రాసి పంపు, అది చూశాక నువ్వు చూసి పెట్టుకున్నవాటిల్లో ఏదో నేనూ చెప్తాను.

ప్రేమతో,
మామయ్య