రాత్రి రెండింటికి ఎవరు మేలుకుని ఉంటారు?

ప్రశ్న: అమ్మకు 76 ఏళ్లు. షుగర్‌కు ఇన్సులిన్ వాడుతోంది, ఏడాదిగా మతిమరుపు. మేమిద్దరం ఉద్యోగస్తులం. ఇంట్లో పెట్టుకున్న ఆయాలు నిలవడం లేదు. మొన్న స్టవ్ వెలిగించి మరిచిపోయింది. అల్వాల్ వైపు పన్నెండు మంది పెద్దవాళ్లు ఉండే వృద్ధుల హోమ్ చూశాం. అమెరికాలో ఉన్న అన్నయ్య ‘నలుగురూ ఏమనుకుంటారు’ అంటున్నాడు. ట్రీట్‌మెంట్ అని చెప్పి తీసుకెళ్దామని మావారి సలహా. ఏం చేయమంటారు? - కూకట్‌పల్లి నుంచి ఒక సోదరి

జవాబు: ముందు మీవారి సలహా పక్కన పెట్టండి. మతిమరుపు ఉన్నవాళ్లు విన్న మాట మరిచిపోతారు గానీ, దానివల్ల కలిగిన బెంగ అంత త్వరగా పోదు. పైగా ‘ట్రీట్‌మెంట్ అయిపోయిందిగా’ అని ఆవిడ అడిగినప్పుడల్లా ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. ‘నువ్వొక్కదానివే ఇంట్లో ఉంటే నాకు భయమమ్మా, పదిహేను రోజులు ఉండి చూడు, ఆదివారం వస్తాను’ అనండి. వద్దంటారు, ఏడుస్తారు. అయినా అదే మాట మీద ఉండండి. ఆ పదిహేను రోజుల మాట మాత్రం అబద్ధం కాకూడదు, అందుకే డిపాజిట్ కట్టకముందే అలా ఉండి చూసే వీలుందేమో హోమ్‌వాళ్లను అడగండి.

చిన్న హోమ్‌లో ఎవరికి కారం పడదో, ఎవరికి చలో అందరికీ తెలుస్తుంది. దాని బలహీనత రాత్రిపూట బయటపడుతుంది. పగలంతా పనిచేసిన అమ్మాయే రాత్రి అక్కడే పడుకుంటే, మీ అమ్మగారు బాత్రూమ్‌కు లేచినప్పుడు ఎవరికీ మెలకువ రాదు. ‘రాత్రి ఎవరుంటారు’ అని కాదు, ‘ఎవరు మేలుకుని ఉంటారు’ అని అడగండి. చెప్పకుండా ఒకరోజు రాత్రి ఏడున్నరకు వెళ్లండి. అప్పటికే అందరినీ పడుకోబెట్టి లైట్లు తీసేశారంటే మనుషులు చాలడం లేదేమోనని అనుమానించాలి. పగటిపూట కూడా అందరూ జోగుతుంటే ఏ మాత్రలు ఇస్తున్నారో అడగండి. మతిమరుపు ఉన్నవాళ్లకు నెమ్మదిగా ఉండడానికని ఇచ్చే మందుల వల్ల పడిపోయే ప్రమాదం, కొన్నిటితో పక్షవాతం ముప్పు కూడా పెరుగుతాయి. మీతో చెప్పకుండా కొత్త మాత్ర మొదలుపెట్టకూడదని రాయించుకోండి.

ఇన్సులిన్ దగ్గర మొహమాటం వద్దు. ఇంజక్షన్ చేసేది నర్సా, ఆయానా? ఎన్నింటికి? టిఫిన్ ఎన్నింటికి? భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ ఏడింటికి ఇచ్చి, ఇడ్లీ ఎనిమిదిన్నరకు పెడితే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, తికమక మాటలు వస్తాయి. మతిమరుపు ఉన్న మనిషి కాబట్టి ‘ఎప్పుడూ ఇంతేగా’ అని వదిలేస్తారు, అసలు ప్రమాదం అదే. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇది అక్కడి ఆయా చెప్పగలగాలి, యజమాని చెబితే చాలదు. ఫ్రిజ్‌లో సీసా మీద తెరిచిన తేదీ ఉందో లేదో చూడండి. చాలా రకాలు తెరిచాక 28 రోజులే వాడాలి. ఒకటి రెండు రోజుల్లోనే తికమక బాగా పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూపించాలి.

బాత్రూమ్‌లో కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీలు, బయటి నుంచి తెరుచుకునే గొళ్లెం ఉండాలి. డైపర్లు ఎవరి ఖర్చు, హాస్పిటల్‌లో చేర్చాల్సి వస్తే తోడు ఎవరు, ఆ రోజుల అద్దె కట్టాలా - గొడవలు ఇలాంటి చోటే వస్తాయి, అన్నీ కాగితం మీద పెట్టించండి.

ఇక అన్నయ్యగారు. ఆయన చెప్పే ఆ నలుగురిలో అర్ధరాత్రి తడిసిన దుప్పటి మార్చేవాళ్లు ఒక్కరూ లేరు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకనీ కూతురనీ తేడా చూడదు, విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది. అలాగని దాన్ని చూపించి పోట్లాడమనడం లేదు. మూడు వారాలు సెలవు పెట్టి వచ్చి అమ్మను ఒక్కరే చూసుకోమనండి. రాలేకపోతే నెల ఖర్చులో ఎంత పంచుకుంటారో, వారంలో ఏ రోజు వీడియో కాల్ చేస్తారో ఇప్పుడే తేల్చుకోండి.

చేర్చేటప్పుడు ఆవిడ వాడే దుప్పటి, స్టీలు గ్లాసు, నాన్నగారి ఫొటో తీసుకెళ్లండి. బంగారం ఇంట్లోనే ఉంచండి. కళ్లజోడు మీద పేరు రాయండి. పొద్దు వాలేసరికి ఇలాంటివాళ్లలో చాలామందికి కంగారు ఎక్కువవుతుంది, కాబట్టి చూడడానికి ఉదయం వెళ్లండి. వచ్చేటప్పుడు చాటుగా జారుకోకండి. మధ్యాహ్నం భోజనాల వేళకు లేచి, చెప్పి, ఆవిడ కంచం ముందు కూర్చున్నాక బయల్దేరండి.