ప్రార్థన చేయమన్నందుకు మా ఆయన చర్చికే రానంటున్నారు

ప్రశ్న: పెళ్లయ్యాక ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చాను, మారతహళ్లిలో ఉంటాం. తెలుగు ఆరాధనకు వెళ్తాం గానీ వందనాలు చెప్పుకోవడం వరకే పరిచయాలు. శుక్రవారం గృహ కూటంలో, ఇరవై అయిదుమంది ఉంటారు, మా ఆయన ఉద్యోగం పోయిందని ప్రార్థన చేయమన్నాను. ఆదివారానికి చర్చి అంతా అదే మాట. కూటం మానెయ్యనా?

జవాబు: అమ్మా, కూటం సంగతి తర్వాత. ఉద్యోగం పోయింది ఆయనకి, నలుగురిలో చెప్పింది మీరు. ఆయన్ని అడిగే చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు, కాబట్టి అడగలేదనే అనుకుంటున్నా. 'నిన్ను అడక్కుండా చెప్పాను, సారీ' అనండి, అక్కడితో ఆగండి, వెంటనే 'అయినా వాళ్లే...' అని మొదలుపెట్టకండి.

మనవాళ్లకు ఇదొక అలవాటు. 'ఫలానా బ్రదర్ కోసం ప్రార్థించండి, ఉద్యోగం పోయిందట పాపం' అని వాట్సాప్‌లో పెట్టేస్తారు, అది చాడీ అని వాళ్లకి తోచనే తోచదు. మోసుకెళ్లింది ఎవరో తెలిస్తే మత్తయి 18:15లో ఉన్నట్టు ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడండి, పాస్టర్ అయ్యగారి దాకా వెళ్లడం తర్వాత. కూటం నడిపేవారికి కూడా చెప్పండి: ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలి, భర్తదైనా సరే అడిగాకే, ఇక్కడ విన్నది గడప దాటకూడదు. ఇంట్లో కొడుతున్నారనో, చచ్చిపోవాలనుందనో ఎవరైనా అంటే మాత్రం గుట్టు పక్కనపెట్టి వెంటనే సాయం పిలవాలి.

అసలు ఇరవై అయిదుమంది ఎక్కువ. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ మనుషులు భవనం అప్పు తీర్చడానికి సుమారు పన్నెండుమందికి ఒకరు చొప్పున వారానికో పెన్నీ వసూలు చేయబోతే, తిరిగినవాళ్లకు ఇళ్లలోని కష్టాలూ తెలిశాయి, క్లాస్ మీటింగులు, అంటే పన్నెండుమంది దాకా ఉండే చిన్న కూటాలు, అలా మొదలయ్యాయి. పైగా మీ దగ్గర ట్రాఫిక్ దాటి ఎనిమిదిన్నరకు చేరి, గంట వాక్యం విని, టీ కప్పు కింద పెడుతూనే ఓలా బుక్ చేసుకుంటే ఎవరికెవరు దగ్గరవుతారు? అపొస్తలుల కార్యములు 2:46లో వాళ్లు ఇంటింటా కలిసి తిన్నారు కూడా.

అందుకే ప్రస్తుతానికి ఆయన్ని కూటానికి లాగకండి. ఆయనకు నచ్చిన ఒక్క కుటుంబాన్ని, ఆయన్ని అడిగే, భోజనానికి పిలవండి. పప్పు, గోంగూర చాలు. ప్రార్థన ఎత్తాలా వద్దా అన్నది ఆయనకే వదిలెయ్యండి, ఉద్యోగం మాట మీరు మాత్రం తీయకండి. మీరు ఒక్కరే కూటానికి వెళ్లడం ఆయనకు ఇష్టమైతే వెళ్లండి, మీ మనవులు మాత్రమే చెప్పండి.