పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు: శ్రీశైలం దారి

ప్రశ్న: మా ఊరి మీదుగా హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు ఉంది. చిన్నప్పుడు దాని మైలురాళ్ల తలలకు ఆకుపచ్చ రంగు ఉండేది, ఇప్పుడు పసుపు రంగు ఉంది. దీని అర్థం ఏమిటి? ఈ రోడ్డు ఏ ఊళ్ల మీదుగా వెళ్తుందో కూడా వివరించగలరు. (పాఠకుడు, అచ్చంపేట ప్రాంతం)

జవాబు: మైలురాయి తలకు వేసే రంగు ఆ రోడ్డు ఎవరి అధీనంలో ఉందో చెబుతుంది. ఆకుపచ్చ రాష్ట్ర రహదారికి, పసుపు జాతీయ రహదారికి, నారింజ గ్రామీణ రోడ్లకు గుర్తు. మీ రోడ్డు చాలాకాలం రాష్ట్ర రహదారిగానే ఉండి, 2010 తరువాతి సంవత్సరాల్లో 765వ నెంబరు జాతీయ రహదారిగా మారింది. నెంబరు మారినా స్వభావం పెద్దగా మారలేదు. మైదానంలో కొంత వెడల్పయింది గాని, అడవిలోకి వెళ్లిన తరువాత ఇప్పటికీ అది ఎదురెదురుగా రెండు బస్సులు జాగ్రత్తగా తప్పుకోవలసిన పాత రోడ్డే.

తుక్కుగూడ వద్ద ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ వస్తాయి. కల్వకుర్తి పట్టణాన్ని పక్కన వదిలి, నిజాం కాలంలో కట్టిన డిండి జలాశయం మీదుగా హాజీపూర్ చేరుకుంటే, మీ అచ్చంపేటకు అక్కడే పక్కకు తిరగాలి. మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు దాటింది మొదలు ఫర్హాబాదు, వటవర్లపల్లి, దోమలపెంట వరకు అంతా నల్లమల. దోమలపెంట నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ ఒడ్డుకు దిగుతుంది. చాలామంది అనుకుంటున్నట్లు అది ఆనకట్ట మీదుగా వెళ్లదు. దిగువన లింగాలగట్టు దగ్గరున్న వంతెన మీద నది దాటి, మళ్లీ ఎక్కి సున్నిపెంట మీదుగా శ్రీశైలం చేరుతుంది. అక్కడితో ఆగకుండా మరో ఘాట్ రోడ్డుగా దోర్నాల వైపు దిగిపోతుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలానికి 210 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ దూరం ఉంటుంది.

ప్రశ్న: శ్రీశైలం అంత ప్రాచీన క్షేత్రం కదా, ఈ రోడ్డు కూడా పాతదేనా? పూర్వం భక్తులు ఇదే దారిన వచ్చేవారా? (పాఠకురాలు, కర్నూలు)

జవాబు: క్షేత్రానికి ఉన్న వయసును ఈ రోడ్డుకు ఆపాదించలేము. పూర్వం శ్రీశైలానికి ఒక దారి అంటూ లేదు, దిక్కుకొక దారి ఉండేది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం శ్రీశైల ద్వారాలని చెప్పే సంప్రదాయాన్ని పటం మీద పెట్టి చూస్తే, అవి యాత్రికులు అడవిలోకి అడుగుపెట్టే ముందు ఆగే మజిలీలుగా కనిపిస్తాయి. ఉమామహేశ్వరం అచ్చంపేట దగ్గరి రంగాపురం కొండ మీద ఉంది గనుక, నేటి రోడ్డుకు దగ్గరి పూర్వీకుడు ఆ ఉత్తరపు కాలిబాటే అనుకోవచ్చు.

అయితే బాగా నలిగిన దారి మీ కర్నూలు వైపుదే. ఆత్మకూరు దాటాక నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కొండ ఎక్కి కైలాసద్వారం చేరే ఆ బాటలో పేర్చిన రాతిమెట్లు నేటికీ ఉన్నాయి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన కీర్తి పద్నాలుగో శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. శివరాత్రికి మన భక్తులూ, ఉగాదికి కన్నడ భక్తులూ ఇప్పటికీ ఆ దారినే నడిచి వస్తున్నారు. 1677లో గోల్కొండ నుంచి దక్షిణానికి సాగిన ఛత్రపతి శివాజీ కూడా శ్రీశైలం దర్శించి కొన్నాళ్లు అక్కడ ఉన్నాడు.

ఉత్తరం నుంచి బండి నడిచే రోడ్డు అంతకాలం ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు కృష్ణానదిలోనే ఉంది. నదికి ఉత్తరపు ఒడ్డు నిజాం రాజ్యం, దక్షిణపు ఒడ్డు మద్రాసు ప్రభుత్వపు కర్నూలు జిల్లా. ఒక రాజ్యం అడవిలో డబ్బు పోసి రోడ్డు వేసి, దాన్ని మరొక రాజ్యపు గుడి ఎదుట లోయలో ముగించవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. అమ్రాబాదు పీఠభూమి నిజాం పాలకులకు వేటకు పనికివచ్చింది. ఫర్హాబాదు ఆ రోజుల జ్ఞాపకమే. 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 1963 జూలైలో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఆ తరువాత సిమెంటు, ఉక్కు, యంత్రాలు, వేలాది కూలీలు ఈ లోయలోకి చేరవలసి వచ్చింది. ఇరవై ఏళ్లపాటు సాగిన ఆ నిర్మాణమూ, దాని వెంట పుట్టిన సున్నిపెంట, ఈగలపెంట కాలనీలూ, ఎడమగట్టున కొండ లోపల తొలిచిన 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రమూ లేకపోతే ఈ రోడ్డు నేటి రూపానికి వచ్చేది కాదు. మల్లన్న పేరుతో పిలుస్తున్నా, దీన్ని ప్రాజెక్టు రోడ్డు అనడమే చరిత్రకు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

ప్రశ్న: రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు గేటు మూసేస్తున్నారు. జాతీయ రహదారిని ఇలా మూయవచ్చునా? కర్నూలు మీదుగా చుట్టి వెళ్తే సరిపోతుందా? (పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: మూయవచ్చు. రోడ్డు రవాణాశాఖదే అయినా, దాని రెండు పక్కలా ఉన్న నేల పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగాన్ని 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరు చేశారు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు ఆపే పద్ధతి ఇక్కడిది మాత్రమే కాదు. కర్ణాటకలోని బందీపూర్ గుండా కేరళకు వెళ్లే జాతీయ రహదారి మీద కూడా 2009 నుంచి ఇవే వేళలు అమలవుతున్నాయి. పగలు పొదల్లో ఉండే జంతువులు రాత్రి నీటికీ, మేతకూ రోడ్డు దాటుతాయి. హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడిన జింక పక్కకు దూకకుండా నిలబడిపోతుంది. ఆ క్షణంలో వేగంగా వచ్చే బండికి ఆగే వీలుండదు. పగటిపూట కూడా అడవిలో వేగం తగ్గించి నడపమని బోర్డులు ఉన్నది ఇందుకే. వాటిని లెక్కచేసేవారు తక్కువే.

చుట్టి వెళ్లడం వలన మీకు ప్రయోజనం ఉండదు. ఆత్మకూరు–దోర్నాల రోడ్డూ, దోర్నాల–శ్రీశైలం ఘాట్ కూడా అడవిలోవే గనుక అక్కడా రాత్రి గేట్లు పడతాయి. శివరాత్రి వంటి సందర్భాల్లో సడలింపు ఇచ్చినప్పుడు ముందుగా ప్రకటిస్తారు. మిగిలిన రోజుల్లో హైదరాబాదులో మధ్యాహ్నం మూడు లోపు బయలుదేరితే చీకటి పడేలోగా మన్ననూరు దాటవచ్చు.

ప్రశ్న: అయితే ఈ రోడ్డును నాలుగు వరుసలు చేయడం సాధ్యం కాదా? (అదే పాఠకుడు)

జవాబు: నేల మీద వెడల్పు చేయాలంటే అభయారణ్యపు కోర్ ప్రాంతంలో చెట్లు కొట్టాలి, దానికి వన్యప్రాణి చట్టం కింద అనుమతి దొరకడం కష్టం. అందుకే మన్ననూరు నుంచి సుమారు 60 కిలోమీటర్ల మేర స్తంభాల మీద ఎత్తైన రోడ్డు వేయాలని తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని అడుగుతోంది. జంతువులు కింద, బళ్లు పైన వెళ్తాయన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. కాగితం మీద అది బాగానే ఉంది. కాని వటవర్లపల్లి వంటి ఊళ్లకూ, అడవిలోని చెంచు పెంటలకూ (చెంచుల గూడేలకూ) ఆసుపత్రికి, సంతకు, బడికి వెళ్లే దారి ఈ నేల మీది రోడ్డే. బస్సులన్నీ పైకి ఎక్కిపోతే వటవర్లపల్లి మనిషి బస్సు ఎక్కడ ఎక్కాలో, పాత రోడ్డు మరమ్మతులు ఎవరు చూడాలో తేల్చిన తరువాతే స్తంభాల సంగతి మాట్లాడడం న్యాయం.