చిట్టెలుకకు రంగులు వేయబోయే ముందు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఒకే పటాలానికి చెందిన నలభై మంది సైనికుల బొమ్మలకు అవే రంగులు అదే వరుసలో వేసి విసుగెత్తిందనీ, పది రోజులుగా కుంచె ముట్టలేదనీ రాశావు. ఆ సైనికులను డబ్బాలో పెట్టి మూత వేసెయ్యి. కత్తి దూసిన చిట్టెలుకనో, మంత్రదండం పట్టిన గుడ్లగూబనో, కవచం తొడిగిన కప్పనో ఒక్కదాన్ని తెచ్చుకో. ఒక్కటే అని గట్టిగా చెప్పడానికి కారణముంది. ఆరు ఎలుకలు తెచ్చి వరుసగా నిలబెట్టావంటే అదీ పటాలమే అవుతుంది, నీ చెయ్యి మళ్ళీ పాత లెక్కల్లోనే పడుతుంది.

ఈ బొమ్మలు మనసుకు హాయినివ్వడానికి కారణం వాటి ఆకారంలోనే ఉంది. పెద్ద తల, ఎత్తైన నుదురు, ముఖంలో కాస్త కిందుగా ఉండే పెద్ద కళ్ళు, ఉబ్బిన బుగ్గలు, పొట్టి కాళ్ళుచేతులు కనబడితే మనలో లాలించాలన్న భావం దానంతటదే పుడుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1943లో ప్రతిపాదించాడు. ముద్దొచ్చే జంతువులను చెక్కేవారు ఈ లక్షణాలనే పెంచి చూపుతారు. 28 మిల్లీమీటర్ల సైనికుడి కంట్లో చుక్క పెట్టడానికి ఊపిరి బిగబట్టే నీకు ఈ పెద్ద కళ్ళు ఎంతో వెసులుబాటునిస్తాయి. అందుకే నీ సమయంలో సగం ముఖానికే కేటాయించు.

నీ స్నేహితుడి త్రీడీ ప్రింటర్‌లో తీయించుకుంటే, రెజిన్ (ఆ యంత్రం వాడే ద్రవ ప్లాస్టిక్) పూర్తిగా గట్టిపడక ముందు ఒట్టి చేతులతో తాకవద్దు. అరగదీయవలసి వస్తే నీళ్ళలో తడిపి అరగదియ్యి, మాస్కు పెట్టుకో. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కొన్న బొమ్మనైతే సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరనిస్తే చాలు. రంగులకు ముందు అడుగున వేసే పూతను, అంటే ప్రైమర్‌ను మాత్రం తేలికగా తీసుకోకు. మా విజయవాడకు దగ్గరలోని కొండపల్లిలో కూడా పొణికి కొయ్యతో చెక్కిన బొమ్మకు ముందు సున్నపు పూత పూసి, అది ఆరిన తరువాతే రంగుల జోలికి పోతారు. ముసురు పట్టిన రోజున స్ప్రే ప్రైమర్ కొట్టకు, గాలిలో తేమ ఎక్కువైతే అది గరుకుగా, పొడిపొడిగా పడుతుంది. ఒక శ్రావణమాసంలో నేను తొందరపడి, కుందేలు చెవుల మీద ఎంతో నాజూకుగా చెక్కిన గీతలన్నీ పోగొట్టుకున్నాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. వానాకాలమంతా కుంచెతో పూసే ప్రైమర్‌నే వాడు.

ఇక అసలు విషయం బొచ్చు. సైనికుడి దుస్తులకు సీసా మీది పేరు చూసి రంగు వేయవచ్చు కానీ జంతువుకు అలా కుదరదు. ఎలుక బూడిదరంగులో ఉంటుందని మనం అనుకుంటాం, నిజానికి దాని ఒక్కొక్క వెంట్రుక మీదా నలుపు, పసుపు పట్టీలు ఉంటాయి, అవన్నీ కలిసి దూరానికి ఆ మట్టి కలిసిన బూడిదరంగుగా కనిపిస్తాయి. మీ ప్రహరీగోడ మీద తిరిగే ఉడుతను ఒక పూట కూర్చుని చూడు. వీపు ముదురుగా, పొట్ట పాలిపోయినట్టుగా ఉంటుంది, ఆ రెండూ కలిసేచోట స్పష్టమైన గీత ఉండదు. కాబట్టి ముందు ముదురు గోధుమరంగు వేసి, అది ఆరాక వాష్‌ను, అంటే బాగా పలచన చేసిన నల్లరంగును గీతల్లోకి దిగనిచ్చి, ఆ తరువాత దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో లేత రంగును బొచ్చు గీతలకు అడ్డంగా తేలికగా రాయి. పొట్టకూ గడ్డానికీ ఇంకొంచెం లేత రంగు అద్దు. నీ ఊహలన్నిటినీ అంగీమీదా డాలుమీదా చూపించుకో, బొచ్చును మాత్రం నిజానికి దగ్గరగా ఉంచు, అప్పుడే ఆ ఎలుక కత్తి పట్టిందంటే చూసేవారు నమ్ముతారు. డ్రాగన్ పిల్లకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. జత కట్టే కాలంలో మగతొండ తలా గొంతూ ఎర్రబారడం చూశావంటే రంగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

కళ్ళు చివరికి వదిలెయ్యకు. ఎలుక కంటికి నిండా నలుపు వేసి, పైభాగాన ఒక్క తెల్లచుక్క పెట్టు. రెండు కళ్ళలోనూ చుక్క ఒకే పక్కన ఉండాలి, లేకపోతే చూపు చెదురుతుంది. పిల్లి కంటిపాప నిలువుగా చీలినట్టు ఉంటుంది, కప్పలలో చాలావాటికి అడ్డంగా ఉంటుంది, గుడ్లగూబకు గుండ్రంగా ఉంటుంది. ఈ ఒక్క తేడా సరిగా పట్టుకుంటే బొమ్మ సగం బతికినట్టే. ఇందుకు మరీ సన్నని మూడు సున్నాల (000) కుంచె కొనవద్దు. దాని కొనమీద నిలిచే రంగు బొమ్మదాకా వచ్చేలోపే ఆరిపోతుంది. మొన చక్కగా కూడే ఒకటో నంబరు కుంచె చాలు. ఫ్యాను కింద కూర్చోకు. టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి పెట్టి, పైన బటర్ పేపరు పరిచి, దాని మీద రంగు కలుపుకుంటే సాయంత్రమంతా పచ్చిగానే ఉంటుంది. కుంచె మొనను నోట్లో పెట్టి కూర్చే అలవాటు నీకుంది, మానెయ్యి. కొన్ని రంగులలో కాడ్మియం ఉంటుంది.

చివరగా బొమ్మంతటికీ మెరుపులేని మ్యాట్ వార్నిష్ పూసి, అది ఆరాక కళ్ళకూ ముక్కు కొనకూ మాత్రం మెరిసే వార్నిష్ చుక్క పెట్టు. కప్పకైతే ఒళ్ళంతా పూసినా బాగుంటుంది.

మూడు సాయంత్రాలకు మించి పట్టకూడదు. ఎక్కడైనా రంగు గీత దాటితే దిద్దకుండా వదిలెయ్యి, దీనిని ఎవరూ తనిఖీ చేయరు. పూర్తయ్యాక ఉదయం కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీసి పంపు, ట్యూబ్‌లైటు కింద తీస్తే బొచ్చు రంగు నాకు తెలియదు.

నీ పెదనాన్న